85 శాతం మంది సానుభూతి లేదన్నారు, తాలిబన్లు వచ్చేశారు: అఫ్గాన్ సర్వేల్లో ఏది నమ్మాలి?

2019 వేసవిలో ఆసియా ఫౌండేషన్ అనే సంస్థ తరఫున ఎన్యూమరేటర్లు అఫ్గానిస్థాన్‌లోని 34 ప్రావిన్సుల్లో తిరిగి 17,812 మందిని ప్రశ్నలు అడిగారు. తాలిబన్ల మీద ఏమైనా సానుభూతి ఉందా అంటే 85.1 శాతం మంది అస్సలు లేదన్నారు. ఉందన్నవాళ్లు, ఏదో కొంచెం ఉందన్నవాళ్లను కూడా కలుపుకొని, 13.4 శాతమే. సరిగ్గా రెండేళ్లు గడిచాయి. 2021 ఆగస్టు 15న తాలిబన్లు పెద్దగా పోరాటం లేకుండానే కాబూల్‌లోకి వచ్చేశారు.

అప్పటి నుంచి ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి వాదించుకోవడం ఆగలేదు. సర్వే ఒట్టి బూటకమని కొందరు, జనం భయపడి అబద్ధం చెప్పారని కొందరు. 2025 అక్టోబరులో తాలిబన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తఖీ ఢిల్లీ వచ్చి, తొలి ప్రెస్ మీట్‌కు మహిళా జర్నలిస్టులను పిలవకపోవడంతో దుమారం రేగింది కదా. అసలు అక్కడి జనం ఏమనుకుంటున్నారన్న ప్రశ్న అప్పుడు మన దగ్గరా వినిపించింది. దానికి జవాబుగా ఎవరికి నచ్చిన శాతం వాళ్లు వాట్సాప్‌లో తిప్పుతుంటారు. ఆ శాతాలు ఎలా పుడతాయో తెలిస్తే గానీ వాటిని ఎంతవరకు నమ్మాలో తేలదు.

వేయి మందిని అడిగితే దేశం మొత్తం తెలుస్తుందా?

తెలుస్తుంది, ఒక షరతు మీద. దేశంలో ప్రతి వయోజనుడికీ శాంపిల్‌లో పడే అవకాశం ఉండాలి, అది ఎంతో ముందే లెక్కకట్టగలిగి ఉండాలి. ర్యాండమ్ అంటే ఇదే. దారిన పోయేవాళ్లను ఆపి అడగడం ర్యాండమ్ కాదు.

ఒక నిజమైన ఉదాహరణ చూద్దాం. ఏబీసీ న్యూస్, బీబీసీ, జర్మనీకి చెందిన ఏఆర్‌డీ కలిసి 2009 ఆరంభంలో చేయించిన సర్వేలో 1,534 మంది అఫ్గాన్లు ఉన్నారు. పూర్తిగా ర్యాండమ్‌గా ఎంచుకున్నారనుకుంటే మార్జిన్ ఆఫ్ ఎర్రర్, అంటే లెక్క అటూఇటూ అయ్యే మేర, సుమారు 2.5 శాతం. కానీ దేశమంతటా 1,534 వేర్వేరు ఊళ్లకు ఎవరూ వెళ్లరు. కొన్ని ఊళ్లు ఎంచుకుని, ఒక్కో ఊళ్లో కొందరిని అడుగుతారు. ఒకే ఊరివాళ్ల అభిప్రాయాలు చాలావరకు ఒకేలా ఉంటాయి కాబట్టి దీనివల్ల లెక్క కాస్త వదులవుతుంది. ఆ వదులును కలుపుకుంటే 3.5 శాతం దాకా రావచ్చు. దేశం మొత్తానికి ఇది ఫర్వాలేదు. అదే 1,534 మందిని 34 ప్రావిన్సులకు పంచండి, సగటున ఒక్కోదానికి 45 మంది వస్తారు. అక్కడ మార్జిన్ 15 శాతం దాకా పోతుంది. అలాంటి సర్వేను పట్టుకుని "కాందహార్‌లో ఇంత శాతం, హెరాత్‌లో ఇంత శాతం" అని ఎవరైనా చెబితే వినేసి ఊరుకోవడం మేలు.

ఇదంతా ప్రతి దేశంలోనూ ఉండే గొడవే. అఫ్గానిస్థాన్‌కు ప్రత్యేకమైన చిక్కులు ఆ తర్వాత మొదలవుతాయి.

ఎంతమంది ఉన్నారో తెలియని దేశం

శాంపిల్ తీయాలంటే ముందు మొత్తం జాబితా ఉండాలి. అఫ్గానిస్థాన్‌లో జనాభా లెక్కలు ఒకే ఒక్కసారి, 1979లో మొదలయ్యాయి. తిరుగుబాటు, యుద్ధం వల్ల అవీ పూర్తి కాలేదు. ఆ తర్వాత మళ్లీ జరగలేదు. 2011 తర్వాత లెక్కలు లేవని మనం బాధపడుతుంటే, అక్కడ నలభై ఏళ్లకు పైగా అంచనాల మీదే బండి నడుస్తోంది.

ఆ అంచనాలైనా ఒకటిగా ఉంటాయా అంటే లేదు. 2020కి అఫ్గాన్ ప్రభుత్వ గణాంక సంస్థ చెప్పిన జనాభా దాదాపు 3.29 కోట్లు. అదే ఏడాదికి ఐక్యరాజ్యసమితి అంచనా దాదాపు 3.89 కోట్లు. తేడా 60 లక్షల మంది! పైగా ఏ ప్రావిన్స్‌లో ఎందరు, వాళ్లలో ఏ జాతివాళ్లు ఎందరు అన్నది రాజకీయంగా నిప్పులాంటి విషయం. పష్తూన్లు, తాజిక్‌లు, హజారాలు, ఉజ్బెక్‌లు తమ వాటా ఇంత అని ఎవరి లెక్క వాళ్లు చెబుతారు. సర్వే సంస్థ ఏ ప్రావిన్స్‌కు ఎన్ని ఇంటర్వ్యూలు కేటాయించాలో నిర్ణయించుకున్నప్పుడే, తెలిసో తెలియకో ఆ తగువులో ఒక అడుగు వేసినట్టవుతుంది.

2025 ఒక్క ఏడాదిలోనే ఇరాన్, పాకిస్థాన్‌ల నుంచి 20 లక్షలకు పైగా అఫ్గాన్లు తిరిగి వచ్చారు. వాళ్లు ఏ పాత జాబితాలోనూ లేరు.

గుమ్మం దగ్గర ఏం జరుగుతుంది

జాబితా లేని చోట వాడే పద్ధతికి ర్యాండమ్ వాక్ అని పేరు. బృందం ఊళ్లోకి వెళ్లి మసీదో, బడో, బజారో ఒక గుర్తు పెట్టుకుంటుంది. అక్కడి నుంచి ముందే ఇచ్చిన దిక్కులో నడుస్తూ, ఇన్ని ఇళ్లు వదిలి ఒక ఇల్లు అన్న లెక్కన తలుపు తడుతుంది. చెప్పినంత తేలిక కాదు. చాలా ఊళ్లలో మనం అనుకునే ఇల్లు ఉండదు. నిలువెత్తు మట్టి గోడ, ఒకే గేటు, లోపల నలుగురు అన్నదమ్ముల కుటుంబాలు. అది ఒక ఇల్లా, నాలుగా? ఊరి పెద్ద అయిన మాలిక్‌తో మాట్లాడకుండా మొదటి తలుపు తట్టడమే ప్రమాదం. ఆయనతో మాట్లాడాక ఎవరు వచ్చారో, ఎందుకొచ్చారో ఊరంతటికీ తెలిసిపోతుంది.

ఇంట్లో ఎవరిని అడగాలన్నదీ ఎన్యూమరేటర్ ఇష్టం కాదు. ఇంట్లోని పెద్దవాళ్లందరినీ వయసు ప్రకారం రాసుకుని, ఒక పట్టిక చూసి ఒకరిని ఎంచుకోవాలి. కానీ ముక్కూమొహం తెలియని మగవాడు వచ్చి మీ ఇంట్లో ఆడవాళ్లు ఎందరు, వాళ్ల వయసులెంత అని అడిగితే? పష్తూన్ పల్లెల్లో ఆ సంభాషణ అక్కడితో ముగుస్తుంది. అందుకే ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి. ఆ మహిళా ఎన్యూమరేటర్ ఊరు దాటి వెళ్లాలంటే తోడుగా మహ్రమ్, అంటే తండ్రో, భర్తో, అన్నో, తమ్ముడో ఉండాలి. ఒక మహిళా ఉద్యోగిని పంపాలంటే ఇద్దరి ఖర్చు, ఇద్దరి భద్రత చూసుకోవాలన్నమాట. రోడ్డు బాగాలేని ఊళ్లలో మొట్టమొదట తగ్గిపోయేది ఆడవాళ్ల గొంతే. అప్పుడు లెక్కలో వెయిటింగ్ అనే సర్దుబాటు చేస్తారు. దొరికిన కొద్దిమంది ఆడవాళ్ల జవాబులకే ఎక్కువ బరువు ఇస్తారు. కాబూల్‌లో దొరికిన ఆవిడ జవాబు మారుమూల ఉరుజ్గాన్ ప్రావిన్స్‌లో దొరకని ఆవిడ జవాబుగా చెలామణీ అవుతుంది.

ఇక ఏకాంతం సంగతి. చాప పరిచి, టీ ఇచ్చి కూర్చోబెడతారు. రెండో ప్రశ్నకు మరిది వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటాడు, నాలుగో ప్రశ్నకు అత్తగారు. ఇంటర్వ్యూ సమయంలో పక్కన ఇంకెవరైనా ఉన్నారా అని మంచి సర్వేల్లో ఒక గడి పెట్టి నమోదు చేయిస్తారు. అలాంటి గడే లేని సర్వే అయితే నాకు అక్కడే అనుమానం మొదలవుతుంది.

వెళ్లలేని ఊళ్లు, మాయమయ్యే ఆరు శాతం

అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ సంస్థ సిగార్ లెక్క ప్రకారం 2018 అక్టోబరు నాటికి కాబూల్ ప్రభుత్వ నియంత్రణలోనో, పలుకుబడిలోనో ఉన్న జిల్లాలు 53.8 శాతమే. మిగతా చోట్ల తాలిబన్లదే పైచేయి, లేదా ఇద్దరి మధ్యా పోరు. శాంపిల్‌లో అలాంటి ఊరు పడితే, వెళ్లగలిగిన మరో ఊరితో దాన్ని మారుస్తారు. ఎన్యూమరేటర్ ప్రాణం కంటే సర్వే ఎక్కువ కాదు కాబట్టి ఇందులో తప్పుపట్టడానికి లేదు. కానీ లెక్క మీద దాని ప్రభావం ఏమిటో చూడండి.

ఊహకు, ఒకే జనాభా ఉన్న 100 ఊళ్లు అనుకుందాం. 80 ఊళ్లకు వెళ్లగలం, అక్కడ తాలిబన్లను ఇష్టపడేవాళ్లు 10 శాతం. మిగతా 20 ఊళ్లకు వెళ్లలేం, అక్కడ 40 శాతం. అసలు సగటు 16 శాతం. సర్వే ఆ 20 ఊళ్ల బదులు వెళ్లగలిగిన మరో 20 ఊళ్లు తీసుకుంటుంది కాబట్టి ఫలితం 10 శాతమే వస్తుంది. శాంపిల్‌ను లక్ష మందికి పెంచినా ఆ 10 అలాగే ఉంటుంది. మార్జిన్ ఆఫ్ ఎర్రర్ మాత్రం చిన్నదైపోయి, తప్పు అంకె మరింత కచ్చితంగా కనిపిస్తుంది. సర్వే నివేదికల్లో వేసే మార్జిన్ ఆఫ్ ఎర్రర్‌లో ఇలాంటి తేడా ఎక్కడా కనపడదు.

కొన్ని సర్వేలు దీనికో మధ్యేమార్గం కనిపెట్టాయి. వెళ్లలేని జిల్లాల నుంచి బజారుకో, బస్టాండుకో వచ్చినవాళ్లను అక్కడే ఆపి అడగడం. ఏమీ లేకపోవడం కంటే నయమే. కాకపోతే ఊరు దాటి పట్నం రాగలిగేది ఎక్కువగా మగవాళ్లు, అందులోనూ కాస్త చేతిలో డబ్బు ఆడేవాళ్లు.

సున్నా అనీ అనలేదు, నాలుగనీ అనలేదు

ఇంతవరకు ఎవరిని అడిగారన్న సంగతి. ఏం చెప్పారన్నది ఇంకో కథ. చేతిలో ఫారంతో వచ్చిన మనిషి ప్రభుత్వం తరఫునో, విదేశీయుల తరఫునో వచ్చాడని ఇంటివాళ్లు అనుకుంటారు. మీరు తాలిబన్లను సమర్థిస్తారా అని నేరుగా అడిగితే ఏ జవాబు చెబితే ప్రాణానికి సురక్షితమో అదే చెబుతారు.

దీన్ని దాటడానికి గ్రేమ్ బ్లెయిర్, కొసుకే ఇమాయ్, జేసన్ లయల్ అనే పరిశోధకులు 2011 ఆరంభంలో ఒక ప్రయత్నం చేశారు. హెల్మండ్, ఖోస్త్, కునార్, లోగర్, ఉరుజ్గాన్ ప్రావిన్సుల్లోని 204 ఊళ్లలో 2,754 మందిని కలిశారు. అందరూ మగవాళ్లే, ఆ ప్రాంతాల్లో వేరే దారి లేక. అడిగిన పద్ధతుల్లో ఒకటి లిస్ట్ ప్రయోగం. కొందరికి మూడు పేర్లు చదివి వినిపిస్తారు: అప్పటి అధ్యక్షుడు కర్జాయ్ ప్రభుత్వం, పల్లెల అభివృద్ధికి పెట్టిన జాతీయ సంఘీభావ పథకం, స్థానిక రైతులు. వీటిలో ఎన్నింటిని సమర్థిస్తారో అంకె చెబితే చాలు, ఏవో చెప్పక్కర్లేదు. ఇంకో గుంపుకు అదే జాబితాకు నాలుగో పేరు కలిపి చదువుతారు. మొదటి గుంపు సగటు 1.5, రెండో గుంపు సగటు 1.8 వచ్చిందనుకోండి. ఆ 0.3 తేడా నాలుగో పేరు వల్ల వచ్చిందే, అంటే దాన్ని సమర్థించేవాళ్లు సుమారు 30 శాతం. ఎవరు సమర్థించారో ఎన్యూమరేటర్‌కూ తెలియదు.

విదేశీ సైన్యాన్ని నాలుగో పేరుగా పెట్టినప్పుడు ఇది పనిచేసింది. తాలిబన్లను పెట్టినప్పుడు ఏమైందో చూడండి. మూడు పేర్లే విన్న 918 మందిలో 188 మంది సున్నా అన్నారు. తాలిబన్ల పేరు కలిపి విన్న మరో 918 మందిలో సున్నా అన్నవాళ్లు ఒక్కరూ లేరు. నాలుగు అన్నవాళ్లూ ఒక్కరూ లేరు. అందరూ ఒకటి, రెండు, మూడు దగ్గరే సర్దుకున్నారు. ఎందుకంటే నాలుగు అంటే తాలిబన్లను సమర్థిస్తున్నానని బయటపడిపోయినట్టే. సున్నా అంటే సమర్థించడం లేదని బయటపడిపోయినట్టే. ఆ ఊళ్లలో రెండూ ప్రమాదమే. ఏ సర్వే నిపుణుడూ చెప్పకుండానే ఆ పల్లెల్లోని మనుషులు లెక్కలోని లొసుగును అక్కడికక్కడే పసిగట్టారు. ఈ పరిశోధనలో నన్ను బాగా ఆకట్టుకున్న ముక్క ఇదే. సగటుల తేడా తీసి ఇంత శాతం సమర్థన అని ఒక అంకె చెప్పేయడం తేలిక, కానీ ఆ అంకెకు విలువ లేదు.

అందుకే తాలిబన్ల విషయంలో వాళ్లు మరో పద్ధతి మీద ఆధారపడ్డారు. జైళ్ల సంస్కరణ లాంటి ఒక విధానం గురించి ఒక గుంపును మామూలుగా అడుగుతారు, ఇంకో గుంపును "దీనికి తాలిబన్లు మద్దతిస్తున్నారు" అని చెప్పి అడుగుతారు. మనిషి జవాబు చెబుతున్నది జైళ్ల గురించి. రెండు గుంపుల తేడాలో మాత్రం తాలిబన్ల మీద ఉన్న మొగ్గు బయటపడుతుంది. ఇలా తేలిందేమిటంటే, విదేశీ సైన్యం వల్ల దెబ్బతిన్నవాళ్లలో ఆ సైన్యం మీద మద్దతు తగ్గి, తాలిబన్ల మీద పెరిగింది. తాలిబన్ల వల్ల దెబ్బతిన్నప్పుడు మాత్రం ఆ మద్దతు అదే స్థాయిలో విదేశీ సైన్యం వైపు రాలేదు. మనవాడు కొట్టినా బయటివాడు కొట్టినా నొప్పి ఒకటే, లెక్క మాత్రం ఒకటి కాదు.

అయితే పాత సర్వేలన్నీ పనికిరానివా?

అలా అనేవాళ్లున్నారు, వాళ్ల వాదన తీసిపారేయదగ్గదీ కాదు. ఆసియా ఫౌండేషన్ సర్వేకు చాలా ఏళ్లు అమెరికా ప్రభుత్వ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ డబ్బు వచ్చింది. పని సాగుతోందో లేదో తెలుసుకోవాలనుకున్నదీ, సాగుతోందని చూపించుకోవాల్సిన అవసరం ఉన్నదీ ఒకే ప్రభుత్వం. ప్రశ్నలు కూడా దాతలకు కావాల్సిన మాటల్లోనే ఉండేవి: ప్రజాస్వామ్యం, పాలన, అవినీతి. ఇక అపాయమైన ఊరికి వెళ్లకుండా టీ కొట్లో కూర్చుని ఫారాలు నింపేసే ప్రలోభం ఎప్పుడూ ఉండేదే. అందుకే సూపర్‌వైజర్ మళ్లీ వెళ్లి సరిచూడటం, ఒకేలా ఉన్న ఫారాలను కంప్యూటర్‌తో పట్టి పక్కనపెట్టడం లాంటి కట్టుదిట్టాలు వచ్చాయి.

సమర్థించేవాళ్ల మాట వేరు. అంకె స్థాయిని నమ్మకపోయినా దాని కదలికను నమ్మొచ్చంటారు. ఒకే తప్పు ఏటా ఒకేలా జరుగుతుంటే, మార్పులో కొంత నిజం ఉంటుంది. దేశం సరైన దారిలో వెళ్తోందన్నవాళ్లు ఆసియా ఫౌండేషన్ సర్వేలో 2013లో దాదాపు 58 శాతం. విదేశీ సైన్యం చాలావరకు వెళ్లిపోయి, ఉద్యోగాలు పోయి, తాలిబన్లు కుందుజ్ నగరాన్ని కొన్నాళ్లు పట్టుకున్న తర్వాత, 2016లో అది 29.3కి పడిపోయింది. దాతలకు నచ్చే అంకెలే వండి వార్చి ఉంటే ఇలా సగానికి పడనిస్తారా? ఈ వాదనలో బలం ఉందనే నా అభిప్రాయం.

అయితే కదలికను కూడా గుడ్డిగా నమ్మలేం. ఏబీసీ, బీబీసీ సర్వేలో 2009 ఆరంభంలో ఇదే ప్రశ్నకు 40 శాతం వస్తే, ఆ ఏడాది చివర్లో 70 శాతం వచ్చింది. మధ్యలో జరిగిందేమో పెద్దఎత్తున దొంగ ఓట్లు పడ్డ అధ్యక్ష ఎన్నిక. ఎన్నిక గండం గడిచిందన్న ఊరట వల్లా, మరేదైనా కారణమా అన్నది చర్చ. చేరుకోగల ఊళ్ల జాబితా ఏడాదికేడాది మారిపోయే దేశంలో, జనం మారారా, అడిగిన జనం మారారా అన్నది ప్రతిసారీ విడదీసి చూడాల్సిందే.

ఇక మొదటి చిక్కుముడి. 85 శాతానికి సానుభూతి లేదన్న అంకె ఎక్కువ చేసి చూపినదై ఉండొచ్చు. అసలు విషయం అది కాదు. దాన్ని యథాతథంగా నమ్మినా కాబూల్ పతనాన్ని అది ఆపేది కాదు. తాలిబన్లంటే ఇష్టం లేకపోవడం వేరు, అప్పటి అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ ప్రభుత్వం కోసం తుపాకీ పట్టడం వేరు. 2019 సెప్టెంబరు అధ్యక్ష ఎన్నికలో దాదాపు 97 లక్షల మంది ఓటర్లు నమోదై ఉంటే, లెక్కలోకి వచ్చిన ఓట్లు సుమారు 18 లక్షలు. ఆ అంకెలో భయం ఉంది, నిరాశా ఉంది. ఆ ప్రభుత్వం మీద జనానికి ఎంత పట్టింపు ఉందో చెప్పడానికి నేనైతే ఏ సర్వే కంటే ముందు దీన్నే చూస్తాను. 2020 ఫిబ్రవరిలో తాలిబన్లతో చేసుకున్న దోహా ఒప్పందంతో అమెరికా వెళ్లిపోవడం ఖాయమయ్యాక, జీతాలు అందని, సరుకులు చేరని సైనిక చౌకీల్లో ఎవరు ఎవరితో రాజీపడుతున్నారో ఇంటింటి సర్వేకు అందే సంగతి కాదు.

ఇప్పుడు భయం రెండో వైపు నుంచి

2021 తర్వాత గాలి దిశ మారింది. క్షేత్రంలో పనిచేయాలంటే తాలిబన్ అధికారుల అనుమతి కావాలి. 2022 డిసెంబరులో స్వచ్ఛంద సంస్థల్లో మహిళలు పనిచేయకూడదన్నారు, 2023 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి సంస్థలకూ అదే వర్తింపజేశారు. మహిళా ఎన్యూమరేటర్ల పని ఎంత కష్టమైపోయిందో వేరే చెప్పక్కర్లేదు.

ప్రపంచ బ్యాంకు ఫోన్ సర్వేల దారి పట్టింది. 2019-20లో ఇంటింటి సర్వే జరిగినప్పుడు తీసుకున్న నంబర్లకే మళ్లీ ఫోన్ చేసింది. అంటే అప్పట్లో ఫోన్ లేని ఇల్లు ఇప్పుడూ లేనట్టే. పైగా ఫోన్ ఎవరి చేతిలో ఉందో, పక్కన ఎవరున్నారో తెలియదు. 2025 సెప్టెంబరు ఆఖర్లో దాదాపు 48 గంటలు దేశమంతా ఇంటర్నెట్, ఫోన్లు ఆగిపోయాయి. ఇలాంటి చోట ఫోన్ సర్వే ఎప్పుడు ఆగిపోతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

వాట్సాప్‌లో ఎక్కువ తిరిగే అంకె గాలప్ అనే అభిప్రాయ సేకరణ సంస్థది. 2022లో 98 శాతం అఫ్గాన్లు దుర్భర స్థితిలో ఉన్నారని. దాన్ని "98 శాతం మంది తాలిబన్లకు వ్యతిరేకం" అని తిప్పేవాళ్లున్నారు. గాలప్ అడిగింది వేరు. సున్నా నుంచి పది వరకు మెట్లున్న నిచ్చెనను ఊహించుకోమని చెప్పి, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారు, అయిదేళ్ల తర్వాత ఏ మెట్టు మీద ఉంటారు అని అడిగింది. రెండింటికీ నాలుగో అంతకంటే తక్కువో చెప్పినవాళ్లను ఆ వర్గంలో వేసింది. ఇప్పటి మెట్టుకు వచ్చిన సగటు 1.28. ఆకలి, నిరుద్యోగం, దాతల సాయం ఆగిపోవడం, పాలన అన్నీ అందులో కలిసే ఉన్నాయి. తాలిబన్ల పేరు ఆ ప్రశ్నలో లేదు. 2021లో, తాలిబన్లు వస్తూ అమెరికా వెళ్తున్న రోజుల్లోనే అది 94 శాతం ఉంది.

భయం ఎటు నెడుతుందో తెలిస్తే ఒక అంకెను చదవడం కాస్త సులువవుతుంది. 2025లో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం యూఎన్ విమెన్ ఇంటింటికీ తిరిగి 2,000 మందికి పైగా అఫ్గాన్లను అడిగితే, ఆడపిల్లలు హైస్కూలు చదువు కొనసాగించడం ముఖ్యమని 92 శాతం మంది అన్నారు. పల్లెల్లోని మగవాళ్లలో 87 శాతం, ఆడవాళ్లలో 95 శాతం. ఆరో తరగతి దాటాక ఆడపిల్లలకు బడి మూసేసిన పాలకులు ఉన్న చోట, వాళ్లకు ఇష్టంలేని మాటే ఇంతమంది చెప్పారు. 2019లో భయం తాలిబన్ల మద్దతును తక్కువ చేసి చూపే వైపు నెడితే, ఇక్కడ అది జవాబుకు ఎదురుగా పనిచేస్తోంది. అయినా అంకె అంత పెద్దగా ఉందంటే, దాన్ని భయంతో చెప్పిన జవాబని కొట్టిపారేయడం కుదరదు. అడగడానికి వచ్చినవాళ్లు ఐక్యరాజ్యసమితి మనుషులని తెలిసి, సాయం మీద ఆశతో వాళ్లకు నచ్చే మాట చెప్పారన్న అనుమానానికి మాత్రం చోటుంది. అడిగింది కూడా చదువు ముఖ్యమా కాదా అనే. బడి తెరవాలని ఎవరినైనా నిలదీస్తారా, రహస్యంగా నడిచే బడికి మీ అమ్మాయిని రేపు పంపుతారా అని కాదు. అలా అడిగితే ఎంత శాతం వస్తుందో 92ను చూసి చెప్పలేం.